ఆకాశం కోసం కాదు, ఆకుల కోసం కొనండి: సీపీఎల్ ఫిల్టర్ ఏళ్ల తరబడి వాడాక

ఆరుబయట ఫొటోలు తీసేవాళ్లు మొదట ఏ ఫిల్టర్ కొనాలని ఎవరడిగినా నేను సీపీఎల్ అనే చెబుతాను. అంటే సర్క్యులర్ పోలరైజర్: లెన్స్ ముందు బిగించి, రింగు తిప్పుతూ మెరుపులనూ ప్రతిబింబాలనూ తగ్గించే అద్దం. డిజిటల్ కెమెరాకు యూవీ ఫిల్టర్ లెన్స్‌కి కాపలా కాయడం తప్ప పెద్దగా చేసేదేమీ లేదు. సగం ముదురుగా ఉండి ఆకాశపు వెలుతురు తగ్గించే గ్రాడ్యుయేటెడ్ ఎన్‌డీ ఫిల్టర్ చేసే పనిని రెండు ఎక్స్‌పోజర్లు కలిపి ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. పోలరైజర్ చేసే పని మాత్రం లైట్‌రూమ్‌లాంటి ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో ఏ స్లైడర్‌కీ చేతకాదు. ఆకు మీద పడ్డ తెల్లటి మెరుపు వల్ల దాని కింద ఉన్న పచ్చదనం సెన్సార్ దాకా రానే రాలేదనుకోండి, తర్వాత దాన్ని ఎక్కణ్నుంచి తెస్తాం?

నేనుండేది విశాఖలో. తిరిగేది బీచ్, భీమిలి, అనంతగిరి, అరకు, ఇటు అనకాపల్లి వైపు కొండకర్ల ఆవ అనే సరస్సు. వాడేది 77 ఎంఎం వ్యాసమున్న ఫిల్టర్, ఎక్కువగా 24-70 ఎంఎం జూమ్ లెన్స్ మీద. మొదట్లో ఒక చవక ఫిల్టర్ వాడాను, ఇప్పుడు ఇత్తడి రింగున్న బీ ప్లస్ డబ్ల్యూ కంపెనీది వాడుతున్నాను. రెంటికీ ఉన్న తేడా కింద చెబుతాను.

చాలామంది దీన్ని నీలాకాశం కోసం కొంటారు. ప్రకటనల్లో చూపించేదీ అదే: సగం వెలిసిపోయిన ఆకాశం, సగం ముదురు నీలం. నా లెక్కలో అది దీనికి మూడో పనో, నాలుగో పనో. అయినా అందరూ ముందు అడిగేది దాని గురించే కాబట్టి అదే ముందు.

సూర్యుడికి లంబకోణంలో ఉన్న ఆకాశం నుంచి వచ్చే కాంతే బాగా ధ్రువణం చెంది ఉంటుంది, అంటే దాని తరంగాలు ఎక్కువగా ఒకే తలంలో ఊగుతాయి. ఫిల్టర్ అక్కడే గట్టిగా పనిచేస్తుంది. సూర్యుడికి ఎదురుగా తిరిగినా, వీపు పెట్టి నిలబడినా రింగు ఎంత తిప్పినా ఆకాశంలో మార్పుండదు. చూపుడువేలు సూర్యుడి వైపు పెట్టి, బొటనవేలు నిటారుగా చాచి, మణికట్టు తిప్పండి. బొటనవేలు ఏయే దిక్కులు చూపిస్తుందో అక్కడి ఆకాశమే మీది. ఆర్కే బీచ్‌లో ఉదయం పూట అందరూ కెమెరా పెట్టేది సూర్యోదయం వైపు. అక్కడ ఫిల్టర్ తీసి జేబులో పెట్టుకోవడమే మేలు. కానీ డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యుడు ఆగ్నేయానికి జరిగి ఉదయిస్తాడు. మన తీరం భీమిలి దాకా ఈశాన్యంగా సాగుతుంది. అప్పుడు భీమిలి వైపు తిరిగితే దాదాపు లంబకోణం కుదురుతుంది. జూన్‌లో అదే చోట, అదే వేళకు నిలబడితే ఆ కోణం కుదరదు. ఫిల్టర్ పాడైపోయిందని అనుకునేవాళ్లలో చాలామంది విషయంలో జరిగేది ఇదే.

నడినెత్తిన సూర్యుడున్నప్పుడు ఏం జరుగుతుందో చలి దేశాలవాళ్లు రాసిన పుస్తకాల్లో పెద్దగా కనబడదు, వాళ్లకు ఆ అవసరం లేదు. మనకు మే రెండో వారంలోనూ, మళ్లీ ఆగస్టు మొదట్లోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు. అప్పుడు లంబకోణం అంటే చుట్టూ ఉన్న దిక్చక్రమే. ఏ వైపు తిరిగినా ఆకాశం అంచు ఒకే తీరుగా ముదురుతుంది. తీరా మే నెలలో మన గాలి నిండా ఉప్పుతేమ, దుమ్ము ఉంటాయి కాబట్టి ఆ ముదురుదనం అంతగా తెలియదు. అసలు రుచి తెలిసేది అక్టోబరు, నవంబరుల్లో వాన కడిగి వెళ్లిన మర్నాడు. ఎర్రమట్టి దిబ్బల మీద ఆ రోజు తీసిన ఫొటోకి రంగులు దిద్దాల్సిన పనే ఉండదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. 24 ఎంఎం కన్నా వెడల్పుగా చూసే లెన్స్‌తో ఆకాశం తీస్తే ఒక పక్క తెల్లగా, మధ్యలో నల్లటి పట్టీలా వస్తుంది. 16 ఎంఎం ఫ్రేములో అడ్డంగానే తొంభై డిగ్రీలకు పైగా పడుతుంది కాబట్టి అందులో కొంత చోటే లంబకోణంలో ఉంటుంది. పనోరమా కుట్టేవాళ్లకు కూడా ఇదే తలనొప్పి. రెండోది, అరకులాంటి ఎత్తులో, గాలి తేటగా ఉన్న రోజున రింగును చివరిదాకా తిప్పకండి. ఆకాశం సిరా పోసినట్టు అయిపోతుంది, చూసినవాడెవడూ నమ్మడు. నేను పూర్తి ప్రభావం వచ్చేదాకా తిప్పి, సగం వెనక్కి తెస్తాను.

ఇక నేను దీన్ని లెన్స్ మీంచి తీయకుండా ఉంచే చోటు అనంతగిరి కాఫీ తోటలు.

కాఫీ ఆకు చూసినవాళ్లకు తెలుసు, మైనం పూసినట్టు నున్నగా ఉంటుంది. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని పాకే మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. ఎండ నేరుగా పడకపోయినా కొమ్మల సందుల్లోంచి కనబడే తెల్లని ఆకాశం ప్రతి ఆకు మీదా ఒక మచ్చలా వాలుతుంది. కంటికి అది తెలియదు, మెదడు దాన్ని తీసేసి చూపిస్తుంది. కెమెరాకు ఆ దయ లేదు. ఫొటోలో తోటంతా బూడిద చల్లినట్టు వస్తుంది. వ్యూఫైండర్‌లో ఒక్క ఆకును పట్టుకుని రింగు మెల్లగా తిప్పండి. తెల్ల మచ్చ ముందు అంచుల దగ్గర పలచబడుతుంది, తర్వాత నడిమి ఈనె దాకా జారి మాయమవుతుంది. కింది నుంచి ముదురు ఆకుపచ్చ పైకొస్తుంది. పక్క ఈనెలు, వాటి మధ్య ఉబ్బిన కండ, ఆకు అంచున అలల్లాంటి ముడతలు అన్నీ అప్పుడు కనిపిస్తాయి. వాన వెలిసిన గంటలో అయితే ఈ తేడా రెట్టింపు. మబ్బు పట్టిన రోజున పోలరైజర్ దండగ అనేవాళ్లు అడవిలో ఎప్పుడూ వాడి ఉండరు. ఆకాశానికి దండగే, ఆకులకు కాదు. నా దగ్గరున్న మంచి అడవి ఫొటోల్లో చాలావరకు మబ్బు రోజులవే.

కాఫీ పండ్ల దగ్గర మాత్రం చెయ్యి కాస్త వెనక్కి లాగాలి. ఎర్రటి పండు మీద ఉండే చిన్న మెరుపు చుక్కే దాన్ని గుండ్రంగా చూపిస్తుంది. దాన్ని కూడా తుడిచేస్తే పండు బొమ్మ గీసినట్టు చప్పగా ఉంటుంది. మనుషుల ముఖాల విషయంలోనూ నా మాట ఇదే. ఎండలో థింసా ఆడే అడవిబిడ్డల చెంపల మీద, నుదుటి మీద పడే నిగారింపు ముఖానికి రూపునిస్తుంది. మన ఒంటి రంగుకు అది మరీ ముఖ్యం. చెమట జిడ్డు తగ్గేంత తిప్పండి, మెరుపు చచ్చేంత కాదు. వాళ్ల ముక్కు బేసర్లు, కడియాల సంగతి వేరు. లోహం మీది తళుకు మీద పోలరైజర్ ప్రభావం దాదాపు ఉండదు.

నీళ్ల దగ్గర దీని పని చాలామందికి తెలుసు, కోణం సంగతి తెలియదు. నీటి మీది ప్రతిబింబం పూర్తిగా పోయేది మన చూపు నీటిమట్టంతో సుమారు 37 డిగ్రీల కోణం చేసినప్పుడే. లెక్క సులువు: కెమెరా నీటికి ఎంత ఎత్తులో ఉందో, దానికి ఒకటీ మూడో వంతు రెట్లు దూరంలోని నీరు తేటగా కనిపిస్తుంది. కొండకర్ల ఆవలో రెండు తాటి బొండాలు తొలిచి కట్టిన దోనెలో కూర్చుంటే కెమెరా నీటికి మీటరు ఎత్తున కూడా ఉండదు. అంటే పక్కనే మీటరు దూరంలో తామర కాడలు అడుగుదాకా కనిపిస్తాయి, పది మీటర్ల అవతల నీరు మాత్రం ఎప్పటిలాగే ఆకాశాన్నే చూపిస్తుంది. దూరపు నీరు కూడా తేటపడాలంటే గట్టెక్కాలి. ఒకసారి దోనె నడిపే పెద్దాయన ఆ అద్దమేమిటని అడిగితే విప్పి చేతికిచ్చాను. కంటికి ఆనించి తిప్పుతూ, "ఓర్నాయనో, అడుగు కనబడిపోతంది బాబూ! నాచులో సేప కదల్తంది సూడు" అన్నాడు. ఆ రోజు నాకు మంచి ఫొటోలు దొరికిన చోట్లన్నీ ఆయన ఆ అద్దంలోంచి చూసి చూపించినవే.

సముద్రం దగ్గర ఈ ఫిల్టర్ తిప్పినప్పుడల్లా నాకు సీవీ రామన్ గుర్తొస్తారు. చిన్నప్పుడు చదువుకున్నది మన విశాఖలోనే, పదకొండేళ్లకే మెట్రిక్ పాసైంది ఇక్కడి నుంచే. 1921లో ఇంగ్లండ్ నుంచి ఓడలో తిరిగి వస్తూ, మధ్యధరా సముద్రం నీలం నిజంగా ఆకాశపు ప్రతిబింబమేనా అని ఆయన పరీక్షించారు. అప్పటికి ఈ ప్లాస్టిక్ పొర ఫిల్టర్లు లేవు. ఇదే పని చేసే నికోల్ పట్టకాన్ని కంటి దగ్గర పెట్టుకుని, నీటి మీది ప్రతిబింబం ఆగిపోయే కోణంలో చూస్తే నీలం తగ్గలేదు సరికదా ఇంకా చిక్కబడింది. ఆ రంగు నీటి అణువుల నుంచే వస్తోందన్న ఆలోచన అక్కడ బలపడి, రామన్ ప్రభావం దాకా, 1930 నోబెల్ దాకా వెళ్లింది. రుషికొండలో రాళ్ల మీద నిలబడి రింగు తిప్పి చూడండి. పైనున్న బూడిదరంగు పొర లేచిపోయి, కింద ఆకుపచ్చ కలిసిన నీలం బయటపడుతుంది. మనం చూస్తున్నది ఆయన ఓడ మీంచి చూసినదే. ఈ ఫిల్టర్ నాకిచ్చిన ఆనందాల్లో దీనికి సాటి వచ్చేది లేదు.

జలపాతాలకు ఇది రెండు పనులు చేస్తుంది. తడిసిన నల్లరాళ్ల మీది తెల్ల మెరుపు తీసేస్తుంది, ఒకటిన్నర నుంచి రెండు స్టాప్‌ల వెలుతురు తగ్గిస్తుంది (ఒక స్టాప్ అంటే వెలుతురు సగం కావడం). కటికి జలపాతం దగ్గర నీడపట్టున 1/8 సెకనులో వచ్చే ఎక్స్‌పోజర్ ఫిల్టర్‌తో అర సెకనుకు చేరుతుంది. నీరు పట్టుదారంలా కనబడడానికి ఆ మాత్రం చాలు, వేరే ఎన్‌డీ మోయక్కర్లేదు. ట్రైపాడ్ మాత్రం తప్పదు. తుంపరల్లో ఇంద్రధనుస్సు కనబడితే రింగు చూసుకుని తిప్పండి. ఆ రంగులు కూడా ధ్రువణం చెందినవే కాబట్టి ఒక వైపు తిప్పితే చిక్కబడతాయి, ఇంకో వైపు తిప్పితే ఇంద్రధనుస్సే కనబడదు.

రామప్ప గుడిలోని మదనికల (స్త్రీ శిల్పాల) దగ్గర నాకు ఇప్పటికీ ఒక నిర్ణయం కుదరదు. ఆ నల్లరాతి నునుపు మీద ఆకాశం మెరుస్తుంది. ఫిల్టర్‌తో ఆ మెరుపు తీస్తే చెక్కడంలోని గీతలన్నీ స్పష్టంగా వస్తాయి, కానీ రాతిని అద్దంలా నునుపు చేసిన శిల్పి పనితనం ఫొటోలో కనబడకుండా పోతుంది. అందుకే అక్కడ రెండు రకాలూ తీస్తాను.

వాడకూడని చోట్లు చెప్పాలి. సాయంత్రం వెలుతురు తగ్గాక, రాత్రి, ఎగిరే పక్షుల దగ్గర ఆ రెండు స్టాప్‌లు పోగొట్టుకోవడం దండగ. ఏసీ బస్సు కిటికీల్లోంచి తీసేటప్పుడు కూడా తీసేయండి. గట్టిపరచిన అద్దంలోని ఒత్తిళ్లు ఫిల్టర్ వల్ల మచ్చలు మచ్చలుగా బయటపడతాయి. విమానం కిటికీలోంచి అయితే ఇంద్రధనుస్సు రంగుల చారలు వస్తాయి.

పోలరైజర్లలో లీనియర్ రకం కొనాలా, సర్క్యులర్ రకం కొనాలా అన్న ప్రశ్న పాతది. డీఎస్ఎల్ఆర్‌లో ఆటోఫోకస్‌కి, మీటరింగ్‌కి వెలుతురును పంచే సగం పారదర్శకమైన అద్దం ఉంటుంది, లీనియర్ దాన్ని తికమక పెడుతుంది. మిర్రర్‌లెస్‌కు ఆ బాధ లేదు. బజారులో దొరికేవన్నీ దాదాపు సర్క్యులరే కాబట్టి దీని గురించి ఎక్కువ ఆలోచించకండి.

ఇక చవకదానికీ ఖరీదైనదానికీ తేడా. ఫొటో పదునులో నాకు తేడా 70 ఎంఎం దగ్గర కనబడలేదు, దూరాన్ని దగ్గరగా చూపే టెలీ లెన్స్‌కి పెట్టినప్పుడు కనబడింది. రంగులో వెంటనే కనబడింది. చవకది అంతటా కొంచెం పసుపు కలిపేది. కెమెరా దిద్దకుండా ఇచ్చే రా ఫైలులో సరిచేసుకోవచ్చు కానీ ప్రతిసారీ అదే పని. అసలు తేడా రింగులో ఉంది. అల్యూమినియం మరలు ఎండకు, ఇసుకకు బిగుసుకుపోయేవి, రెండు రబ్బరు బ్యాండ్లు చుట్టి తిప్పితే తప్ప ఊడేది కాదు. ఇత్తడి రింగు ఇప్పటిదాకా అలా పట్టెయ్యలేదు. చేతికి చెమట పట్టినా ముందు రింగు నూనె రాసినట్టు తిరుగుతుంది, వదిలిన చోట ఆగుతుంది. అదనంగా పెట్టిన డబ్బంతా దీనికే అనుకున్నా నాకు బాధ లేదు.

రెండు గాజుల మధ్య ఒక పలుచని పొర ఉంటుంది, ఈ ఫిల్టర్‌కి ప్రాణం అదే. దానికి వేడి, తేమ పడవు. నా చవక ఫిల్టర్‌లో ఆ పొర అంచుల నుంచి విడిపోవడం మొదలై, చుట్టూ పసుపుపచ్చ వలయంలా కనబడేది. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద దీన్ని ఎప్పుడూ వదలకండి. సముద్రం దగ్గర్నుంచి వచ్చాక ముందు బ్లోయర్‌తో ఊది, కొంచెం తడిపిన గుడ్డతో ఉప్పు తీసి, ఆ తర్వాతే మైక్రోఫైబర్ వాడండి. పొడి గుడ్డతో రుద్దితే ఉప్పు పలుకులు కోటింగ్‌ను గీకేస్తాయి. నీళ్లలో ముంచి కడగకండి. డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి ఉంచండి, మన తీరంలో బూజు పట్టడానికి ఎక్కువ కాలం అక్కర్లేదు.

కొనేటప్పుడు మీ లెన్సుల్లో పెద్దదాని కొలతకు ఒక్కటే మంచిది కొని, చిన్న లెన్సులకు దాన్ని బిగించేలా కొలత కలిపే స్టెప్‌అప్ రింగులు పెట్టుకోండి. నా 67 ఎంఎం లెన్స్ అలాగే నడుస్తోంది. లెన్స్‌పై ఎండ పడకుండా పెట్టే హుడ్ పట్టకపోవడం ఒక్కటే ఇబ్బంది, ఎండ అడ్డం వస్తే టోపీ పట్టుకుంటాను. దుకాణంలో ల్యాప్‌టాప్ తెర ముందు పెట్టి తిప్పి చూడండి. ఫిల్టర్ ముందు వైపు తెర వైపు ఉన్నప్పుడు ఒక కోణంలో పూర్తిగా నల్లబడాలి, ఊదా రంగు మిగలకూడదు. తిరగేసి పెడితే నల్లబడకుండా రంగు మాత్రం కొద్దిగా మారాలి. అలా మారకుండా రెండు వైపులా నల్లబడితే అది లీనియర్. ఏ వైపూ నల్లబడకపోతే అక్కడే తిరిగిచ్చేయండి.