సర్వే సంచిలో ఆరు వేసవులు: ఏవి మిగిలాయి, ఏవి పారేశాను

నేను ప్రైవేటు సర్వేయర్ని. మాచర్ల, గురజాల, రెంటచింతల వైపు పొలాలు, ప్లాట్లు కొలుస్తుంటాను. రెంటచింతల పేరు మే నెల వస్తే చాలు టీవీల్లో మోగిపోతుంది కదా, ఆ ఎండలోనే మా పని. పైగా అక్కడిది నాపరాతి నేల. ఎండ పైనుంచి ఒకసారి కొడితే, కింద రాయి నుంచి మొహానికి ఇంకోసారి కొడుతుంది. ఈ ఆరు వేసవుల్లో ఎండకని, పాములకని, ముళ్లకని చాలా కొన్నాను. ఒకదాని కోసం కొన్నది ఇంకోదానికి అడ్డం రావడమే పెద్ద తలనొప్పి.

ముందు గమ్‌బూట్ల సంగతి. మోకాలి కింద దాకా వచ్చే పీవీసీ రకం. హద్దురాయి ఎక్కడో రాళ్లకుప్ప కింద ఉంటుంది, వెతక్క తప్పదు. మూడో ఏడు దుర్గి దగ్గర ఒక గట్టు మీద పలక జరపబోతే లోపలి నుంచి కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస్సుమంది. రక్తపింజర. కొలతల్లో సాయం చేసే మా చైన్‌మన్ బాబాయ్ నా చొక్కా పట్టి వెనక్కి లాగాడు. అది కాటెయ్యలేదు కాబట్టి బూటు ఆపేదో లేదో చెప్పలేను. కానీ ఆ రోజు నుంచి బూట్లు లేకుండా రాళ్లకుప్ప ఎక్కలేదు, కర్రతో కదపకుండా చెయ్యి పెట్టలేదు.

ఇక ఆ బూట్ల అసలు స్వరూపం: మధ్యాహ్నం పన్నెండింటికి విప్పితే లోపల చెమట జారుతుంటుంది. పాదాలు నీళ్లలో నానినట్టు తెల్లగా ముడతలు పడతాయి. మొదటి వేసవిలో వేళ్ల మధ్య ఒరిసి, తామర పట్టి, నెల రోజులు పూత మందు రాశాను. ఇప్పుడు రెండు జతల నూలు సాక్సులు వెంట పెట్టుకుని మధ్యలో మారుస్తాను. దున్నిన చేలో మామూలు బూట్లు, గట్లు, పొదలు వస్తేనే గమ్‌బూట్లు. ఏ జతైనా రెండో వేసవి చివరికి చీలమండ దగ్గర మడతలో పగులుతుంది. సర్కారు తుమ్మ ముల్లు అడుగులోంచి దిగిన రోజులూ ఉన్నాయి. అయినా మళ్లీ అవే కొంటున్నాను.

రెండోది పెద్ద గొడుగు. నిజం చెప్పాలంటే అది మా ఓనరు నా కోసం కొనలేదు, దూరాలు, కోణాలు కొలిచే టోటల్ స్టేషన్ మిషను కోసం కొన్నాడు. మిషనుకి గొడుగు, మనిషికి ఎండ! సరే, మిషను పక్కనే నిలబడతాను కాబట్టి నాకూ నీడ దక్కేది. ఆ రోజుల్లో ఇంకో సుఖం ఉండేది. పదకొండు దాటితే నేల మీద గాలి నీళ్లలా కదిలి దూరంగా ఉన్న గురి అల్లాడిపోతుంది. "రీడింగ్ సరిగ్గా రాదండీ" అని చెట్టు కిందికి పోయేవాళ్లం. తర్వాత రోవర్ వచ్చింది. ఉపగ్రహాలతో పని, గురి చూడక్కర్లేదు, మిట్టమధ్యాహ్నం కూడా పాయింటు ఇచ్చేస్తుంది. మా సాకు పోయింది. రైతు కూడా "ఇంకో రెండు మూలలే కదా బాబూ" అంటాడు.

బాబాయికి వడదెబ్బ తగిలిందీ అలాంటి మధ్యాహ్నమే. రోవర్ బిగించిన పోల్ నిలబెట్టమంటే ఇంకో గట్టు వైపు నడిచాడు. పిలిస్తే పొంతన లేకుండా ఏదో అన్నాడు. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అనుకునేవాణ్ని. ఆయన చొక్కా పిండితే నీళ్లు కారేట్టుంది. మాట తడబడటమే గుర్తు అని తర్వాత డాక్టరు చెప్పారు. వేపచెట్టు కింద పడుకోబెట్టి, చొక్కా విప్పి, పక్క పొలం మోటారు నీళ్లు ఒళ్లంతా పోస్తూ 108కి ఫోన్ చేశాం. స్పృహ సరిగ్గా లేదని నోట్లో నీళ్లు పొయ్యలేదు. జ్వరం బిళ్ల ఇద్దామని ఎవరో అన్నారు. ఆ వేడికి అది పని చెయ్యదు. ఆయన నాలుగు రోజుల్లో తేరుకున్నాడు. నేనే చాలా రోజులు టెన్షన్ పడ్డాను. ఇప్పుడు ఉదయం ఆరింటికి మొదలు, పదకొండున్నరకి రోవర్ పెట్టెలోకి. కొత్త కుర్రాడు పనికి వస్తే మొదటి వారం సగం పూటే.

నీళ్ల విషయంలో ఖరీదైన స్టీలు బాటిల్ ఇంట్లో ఉంది. పొలంలోకి వచ్చేది తడి గోనెపట్టా చుట్టిన అయిదు లీటర్ల క్యాను. పల్నాటి పొడిగాలికి గోనెలో తడి ఆరుతూ నీళ్లు చల్లబడతాయి. మెడకు వేసుకునే కూలింగ్ టవలూ అంతే, ఇక్కడ ఇరవై నిమిషాలు హాయి. అదే టవల్ పనిమీద రేపల్లె తీసుకెళ్తే ఉక్కపోతకి తడిగుడ్డయి కూర్చుంది. మెడలో ఫ్యాను మాత్రం శుద్ధ దండగ. 44 డిగ్రీల గాలిని మొహం మీదికి ఊదించుకోడానికి డబ్బులు పెట్టాను! నూలు తువ్వాలు తలకి చుట్టి, దాని మీద అంచు టోపీ. దీన్ని ఇంతవరకు ఏదీ కొట్టలేదు.

ఓఆర్‌ఎస్ పెద్ద పొట్లం లీటరు నీళ్లకి ఒకటి. అరలీటరు బాటిల్లో మొత్తం కుమ్మరించేవాళ్లను రోజూ చూస్తాను, అది తప్పు. ఆ పేరు పెట్టుకుని డబ్బాల్లో అమ్మిన తియ్యటి రసాలు నేనూ రెండేళ్లు తాగాను. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దన్నాక గానీ అవి అసలు ఓఆర్‌ఎస్ కాదని తెలియలేదు. పొట్లం లేకపోతే ఉప్పు మజ్జిగ. నీళ్లు మాత్రం దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకో గ్లాసు.

అందరూ తేలిగ్గా తీసుకునేది ఒకటుంది. ఎత్తుపల్లాలు చూసే కొలత కర్ర, అదే లెవెలింగ్ స్టాఫ్, అల్యూమినియంది, పూర్తిగా లాగితే నాలుగు మీటర్లు. పొలాల్లో కొన్నిచోట్ల 11 కేవీ కరెంటు తీగలు ఎంత కిందికి వేలాడుతుంటాయో తెలుసు కదా. రోవర్ పోల్ కార్బన్ ఫైబర్‌ది, దానిలోనూ కరెంటు పారుతుంది. నిలబెట్టే ముందు తల పైకెత్తి చూడటం, మబ్బు పడితే పోల్ పడుకోబెట్టడం మా దగ్గర రూలు. ఫోన్లో దామిని యాప్ ఉంది, పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్లది, చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే చూపిస్తుంది. ఉచితం. సిగ్నల్ లేని పొలంలో మాత్రం ఉరుమే దిక్కు. అది వినబడగానే గొడుగు కూడా ముడిచేసి బండిలోకి.

స్క్రీన్ చూస్తూ వెనక్కి నడవడం మానుకోవడానికి నాకు ఒక నేలబావి గట్టు అంచు చూడాల్సి వచ్చింది. దానికి కొనే వస్తువేమీ లేదు, పక్కన బాబాయ్ ఉండాలంతే.

ఈ ఏటికి గమ్‌బూట్లు మళ్లీ పగిలాయి. ఈసారి ఒక సైజు పెద్దవి తీసుకుంటాను, లోపల ఒకదాని మీద ఒకటి రెండు సాక్సులు వేసి చూడాలి.