‘పై’ ముందా, ‘ట్యూరిన్ హార్స్’ ముందా?

“మాస్టారూ, ఉన్మాదం గురించి, తత్వం గురించి తీసిన సినిమా ఒక్కటే చూడాలంటే ఏది?” పర్లాకిమిడిలోనూ గుణుపురంలోనూ కుర్రవాళ్లు నన్ను పదే పదే అడుగుతున్నారు. వాళ్లు తేల్చుకోలేనివి రెండు: డారెన్ అరనోఫ్‌స్కీ తీసిన ‘పై’ (Pi, 1998), బేలా తార్ తీసిన ‘ద ట్యూరిన్ హార్స్’ (2011). డేవిడ్ లించ్ ‘ఇరేజర్‌హెడ్’ పేరు కూడా కొందరు ఎత్తుతారు. అది గొప్ప పీడకల. తత్వం కోసం దాని దాకా వెళ్లనక్కర లేదు.

రెండూ నలుపు తెలుపు సినిమాలే. ‘పై’ గంటన్నర లోపే ముగుస్తుంది. లోకమంతా అంకెల్లో ఇముడుతుందని నమ్మిన మాక్స్ అనే గణితవేత్త, షేర్ మార్కెట్లో క్రమాన్ని వెతుకుతూ 216 అంకెల సంఖ్య వెంట పడతాడు. నటుడి ఒంటికే కెమెరా కట్టి తీసిన దృశ్యాల్లో ముఖం నిలిచి ఉంటుంది, వీధి ఊగిపోతుంది. అతనికి తలనొప్పి వస్తే మన కణతలు అదురుతాయి. చాలా తక్కువ డబ్బుతో ఇంత సాధించారంటే చేతులెత్తి మొక్కాలి. అయితే మాక్స్‌కు ఏం కావాలో మనకు తెలుసు. ఆ పిచ్చికి ఒక ఒడ్డు ఉంది.

‘ట్యూరిన్ హార్స్’లో ఆ ఒడ్డు కనిపించదు. 1889 జనవరి 3న ఇటలీలోని ట్యూరిన్‌లో కొరడా దెబ్బలు తింటున్న గుర్రం మెడను జర్మన్ తత్వవేత్త నీషే కౌగిలించుకున్నాడనీ, ఆపైన మతి తప్పాడనీ చెప్పే కథనంతో మొదలవుతుంది. తెరమీద నీషే లేడు. ఆ గుర్రం ఏమైందన్నదే సినిమా. ఒక తండ్రి, కూతురు, చెరొక ఉడికిన బంగాళాదుంప, ఆరు రోజులు. గుర్రం మేత ముట్టదు, బావి ఎండిపోతుంది, నూనె ఉన్నా దీపం వెలగదు. దాదాపు రెండున్నర గంటల్లో షాట్లు, అంటే కట్ లేకుండా సాగే ముక్కలు, ముప్పై దాకా ఉంటాయి, అంతే.

నాకు తేల్చి చెప్పింది శబ్దం. ‘పై’లో క్లింట్ మాన్సెల్ సంగీతం మనల్ని తరుముతుంది, సినిమా ఆగగానే వదిలేస్తుంది. రెండోదాంట్లో వెంటాడేది గాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను రాత్రి మా పెంకులను లేపిన గాలి నాకింకా చెవుల్లోనే ఉంది. ఆ రాత్రి అమ్మ కిరసనాయిలు బుడ్డిని మూడుసార్లు వెలిగించింది. నాలుగోసారి అగ్గిపెట్టె పక్కన పెట్టేసింది. ఆ తర్వాత కరెంటు లేని రోజుల్లో ఇంట్లో మాటలే తగ్గిపోయాయి: నీళ్లు తేవడం, వండడం, మళ్లీ నీళ్లు. సినిమాలో ఆరిన దీపం ముందు కూతురు కూర్చున్నప్పుడు నాకు అమ్మ చెయ్యే కనిపించింది.

ఫోనులో చూసేవాళ్లు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ‘పై’తో మొదలుపెట్టండి. గది చీకటి చేసుకుని, మధ్యలో లేవకుండా కూర్చోగలిగితే మాత్రం గుర్రం సినిమానే ఎంచుకోండి. మొదట్లో విసుగనిపిస్తే ఆపకండి. కూతురు బిందె... కాదు, బకెట్లు పట్టుకుని బావికి రెండోసారి వెళ్లేదాకా చూడండి.