తిరుపతిలో కారుకు విడిగా టెంపరేచర్ మీటరు బిగించుకోబోయేవారికి హెచ్చరిక

బైపాస్ రోడ్డు వైపు కార్ల యాక్సెసరీస్ దుకాణాల్లో విడిగా అమ్మే నీటి వేడి మీటరును, దాని సెన్సారును బిగించుకోవాలని అనుకుంటున్నవారు ఇది చదివిన తరువాతే డబ్బు చెల్లించవలసిందిగా కోరుతున్నాను. ఫిర్యాదు ఇవ్వబోతున్నాను కనుక దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. కారు ఉన్న మన ఊరివారిలో చాలామందికి ఆ దుకాణం తెలిసే ఉంటుంది.

నా కారు డ్యాష్‌బోర్డులో వేడిని చూపే ముల్లు లేదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు నీలం దీపం, మరీ కాగిపోతే ఎర్ర దీపం, అంతే. చిన్న కార్లలో చాలావాటికి ఇప్పుడు ఇదే ఏర్పాటు. ఎర్ర దీపం వెలిగే వేళకు ఇంజిన్‌కు నష్టం మొదలయ్యే ఉంటుంది కాబట్టి, తిరుమల ఘాటూ భాకరాపేట ఘాటూ తరచుగా ఎక్కే నాకు డిగ్రీలు చూపే మీటరు అవసరమైంది. మీటరు, సెన్సారు, సెన్సారును బిగించడానికి రేడియేటర్ పైపు మధ్యలో పెట్టే అల్యూమినియం అడాప్టర్, బిగింపు కూలి అన్నీ కలిపి 5,400 రూపాయలు దుకాణదారుడి ఫోన్ నంబరుకే పంపాను. దుకాణం ముందే, ఆయన కళ్ల ఎదుటే, అక్కడ పనిచేసే అబ్బాయి పై పైపును కోసి అడాప్టర్ పెట్టి క్లిప్పులు బిగించాడు. ఊళ్లో తిరిగినంతసేపూ మీటరు 70 డిగ్రీలు దాటకపోతే, అలా ఎందుకుందని వెళ్లి అడిగాను. ‘‘ఇంజిన్ అంత సల్లగా ఉందని సంతోషపడాల సామీ, దిగులెందుకు?’’ అన్నాడాయన.

ఆ తరువాత అమ్మను దర్శనానికి తీసుకువెళ్తూ అలిపిరి దాటి రెండో ఘాట్ ఎక్కుతుండగా, మీటరు 80 దగ్గర ప్రశాంతంగా నిలబడి ఉండగానే డ్యాష్‌బోర్డులో ఎర్ర దీపం వెలిగింది. కారును వెనక్కి తిప్పుకోవడానికి వీల్లేని ఒంటివైపు దారి అది. మలుపు దాటి కాస్త వెడల్పు ఉన్నచోట ఆపేలోపే బానెట్ అంచుల నుంచి ఆవిరి వచ్చింది. మోకాళ్ల నొప్పులున్న అమ్మ, పక్క నుంచి బస్సులు ఎక్కుతూ ఉండగా, పిట్టగోడ పక్కన ఎండలో నిలబడవలసి వచ్చింది. చివరికి ఇంజిన్ పై భాగమైన హెడ్ కింద ఉండే గ్యాస్కెట్ పోయింది. హెడ్‌ను చదును చేయించడానికి ఫేసింగ్‌కు పంపి, కొత్త గ్యాస్కెట్ వేసి, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ నింపేసరికి దాదాపు 30,000 రూపాయలు ఖర్చయింది.

ఆటోనగర్‌లో కారు విప్పిన మేస్త్రీ నాకు ఒక్కొక్కటిగా చూపించిన విషయాలను మీరందరూ తెలుసుకోవాలి. మొదటిది, అడాప్టర్ కొలత మా కారు పైపు కంటే చిన్నది. ఈ అడాప్టర్లు రెండేసి మిల్లీమీటర్ల తేడాతో రకరకాల కొలతల్లో దొరుకుతాయి. సరైనది దుకాణంలో లేకపోతే లేదని చెప్పాలి గానీ, చిన్నదాన్ని పెట్టి క్లిప్పును బలవంతంగా నొక్కేయకూడదు. ఊళ్లో తిరిగేటప్పుడు తెలియని ఆ సందు నుంచి, ఘాట్‌లో ఒత్తిడి పెరిగేసరికి కూలెంట్ కారిపోయింది.

రెండోది ఇంతకంటే ఘోరమైనది. ఈ సెన్సారులో ఉండే పదార్థానికి వేడి పెరిగేకొద్దీ విద్యుత్ నిరోధం తగ్గుతుంది. నిరోధాన్ని ఓంలలో కొలుస్తారు. విరివిగా వాడే ఒక రకంలో అది 90 డిగ్రీల వద్ద సుమారు 50 ఓంలు, 120 డిగ్రీల వద్ద సుమారు 22 ఓంలు ఉంటుంది. ఆ ఓంలను బట్టే మీటరు డిగ్రీలు చూపుతుంది. ఒకే వైరు ఉండే సెన్సారుకు ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కు చేరే దారి, దాన్ని తిప్పి బిగించే ఇత్తడి మరచుట్ల ద్వారానే అందుతుంది. దాన్ని నేరుగా ఇంజిన్‌లో బిగిస్తే ఇబ్బంది లేదు. రబ్బరు పైపు మధ్యలో పెట్టిన అడాప్టర్‌కు మాత్రం రెండు వైపులా రబ్బరే కాబట్టి, దానికి వేరుగా ఎర్త్ వైరు కట్టి, రెండో కొసను ఇంజిన్‌కో బ్యాటరీ నెగెటివ్‌కో గట్టిగా బిగించాలి. మా కారులో ఆ కొసను బ్యాటరీ కింద తుప్పు పట్టిన, రంగు కూడా గీకని ఒక బోల్టుకు చుట్టి వదిలేశారు. మేస్త్రీ మల్టీమీటరు పెట్టి చూస్తే అడాప్టర్‌కూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య, దాదాపు సున్నా ఉండవలసిన చోట, 40 ఓంలకు పైగా చూపించింది. ఆ 40 ఓంలూ సెన్సారు ఓంలకు కలిసిపోవడం వల్ల 90 డిగ్రీల వేడి మీటరులో 70గా, 115 డిగ్రీల వేడి 80గా కనిపించింది. దీనికి తోడు సెన్సారు మరచుట్ల మీద టెఫ్లాన్ టేపును చుట్టలు చుట్టలుగా చుట్టడంతో ఆ కాస్త ఎర్త్ కూడా సరిగా అందలేదు. మీటరు చెడిపోయి అసలేమీ చూపకపోయినా నేను జాగ్రత్తపడి ఉండేవాడిని. ఇంజిన్ ఉడికిపోతున్నంతసేపూ అంతా బాగుందని చూపించడం వల్లనే ఇంత నష్టం జరిగింది.

తీసేసిన అడాప్టరునూ, మేస్త్రీ రాసిచ్చిన కాగితాన్నీ పట్టుకుని దుకాణానికి వెళ్లాను. కేకలు వేయలేదు. పాడైన పనికి బాధ్యత తీసుకుని మీటరు డబ్బూ, రిపేరులో కొంతా ఇస్తే చాలునన్నాను. ‘‘మీటరు బాగానే ఉంది, నీ బండే పాతది,’’ అన్నాడు. ఆ మాటను కూడా భరించాను. ఎర్త్ వైరు సంగతి చెప్పి, బిగించింది మీ అబ్బాయే కదా అని అడిగినప్పుడు ఆయన ఇచ్చిన సమాధానం మాత్రం ఇప్పటికీ మింగుడుపడడం లేదు. ‘‘మేం సరుకు అమ్మేవాళ్లమే. బిగించే పని మాది కాదు. ఎవరి దగ్గర బిగించుకున్నావో వాళ్లను పోయి అడుగు,’’ అన్నాడు. నా కారు పైపు కోసిన ఆ అబ్బాయి అప్పుడు అక్కడే, నాలుగడుగుల దూరంలో, ఇంకో కారుకు హారను బిగిస్తున్నాడు. అతని వైపు చూపించి, ఇతను మీ దగ్గర పనిచేయడం లేదా అని అడిగాను. ‘‘ఎవరో తెలీదు, బయటి పిల్లోడు,’’ అన్నాడు యజమాని. ఆ అబ్బాయి తలెత్తలేదు, చేతిలో స్పానర్ ఆగిపోయింది. పద్దెనిమిదేళ్లు నిండాయో లేదో. అతని మీద నాకు కోపం లేదు. ఎర్త్ ఎలా ఇవ్వాలో ఎవరూ నేర్పకుండానే పనిలోకి దింపారు. తన దుకాణంలో చెమటోడ్చే పిల్లవాణ్ణి ఎవరో తెలియదని ముఖం మీదే చెప్పగలిగిన మనిషి, నా కారుకు బాధ్యత తీసుకుంటాడని ఆశించడానికి ఇక ఏం మిగిలింది? నాతోపాటు అక్కడున్న మరో ఇద్దరు కొనుగోలుదారులు కూడా ఆ మాట విన్నారు. ఇంకా మాట్లాడబోతే ‘‘ఏమయ్యా, యాపారం టయాన వచ్చి గలాటా చేస్తావా’’ అని చెయ్యి ఊపి బయటికి దారి చూపించాడు.

బిగింపు పని తమది కాదన్న ఆ పెద్దమనిషి, మీటరు అమ్మిన రోజున నాకిచ్చిన చీటీ మీద ‘ఫిట్టింగ్ 600’ అని తన చేత్తోనే రాశాడు. బిల్లు అడిగితే పైన ‘ఎస్టిమేట్’ అని ముద్రించిన ఆ చీటీనే ఇచ్చాడు. ఇప్పుడు అదే నా దగ్గరున్న ఆధారం. డబ్బు పంపినట్టు ఫోన్‌లో నమోదు కూడా ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార విధానమే. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వకపోవడం కూడా అంతే. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయడానికి రెండేళ్ల గడువు ఉంది, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే రుసుము కూడా లేదు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి నమోదు చేయిస్తున్నాను. ఇదే దుకాణంలో ఇలాగే నష్టపోయినవారు మీలో ఎవరైనా ఉంటే, చీటీలు పారేయకుండా నాకు తెలియజేయండి.

ఇప్పటికే మీటరు బిగించుకున్నవారికి ఒక మాట. ఎర్త్ వైరు ఎక్కడికి వెళ్తోందో కళ్లారా చూడండి. కంపెనీవారు ఇంజిన్‌లో పెట్టిన సెన్సారును తీసి ఆ స్థానంలో కొత్తది పెడతామంటే ఒప్పుకోకండి. ఫ్యానూ పెట్రోలు పాళ్లూ దాన్ని బట్టే నడుస్తాయి. కారును నీడలో నిలిపి, ఏసీ ఆపి, రేడియేటర్ ఫ్యాన్ దానంతట అదే తిరిగేదాకా ఇంజిన్‌ను ఆన్‌లో ఉంచండి. చాలా కార్లలో ఫ్యాన్ తిరిగేది సుమారు 95 నుంచి 100 డిగ్రీల మధ్య. ఆ సమయానికి మీ మీటరు 70 దగ్గరే ఉంటే, ఆ అంకెను నమ్మి ఘాట్ ఎక్కకండి.