ట్రిప్ బుకింగ్ సైట్లు: తొమ్మిదేళ్లు వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఈ సైట్లు దండగ అని తిట్టడానికి రాయట్లేదు. తొమ్మిదేళ్లుగా ఎక్కడికి వెళ్లినా వీటిలో వెతక్కుండా వెళ్లింది లేదు, వచ్చే నెల ప్రయాణం కోసం ఇది రాస్తున్నప్పుడు కూడా పక్క ట్యాబుల్లో అదే పని నడుస్తోంది. కాకపోతే వెతకడానికి వీటిని ఎంత నమ్ముతానో, విమానం టికెట్ కొనడానికి అంత నమ్మను. హోటల్ సంగతి వేరు, అక్కడ ఇప్పటికీ వీటిలోనే బుక్ చేస్తాను.

టికెట్ల మీద ఈ అపనమ్మకం నాలుగేళ్ల కిందటి ఒక ప్రయాణంతో మొదలైంది. పేరు చెప్పను గానీ ఒక సైట్లో రెండు ఫ్లైట్లు కలిపి చాలా చౌకగా కనిపించాయి, మధ్యలో 2 గంటల 40 నిమిషాల గ్యాప్, ఇంకేం, వెంటనే కొనేశాను. "సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్" అని కింద బూడిదరంగు చిన్న అక్షరాల్లో ఉంది. చదివాను కూడా, దాని అర్థం మాత్రం బుర్రకెక్కలేదు. మూడు వారాల ముందు మెయిల్ వచ్చింది: మొదటి ఫ్లైట్ గంటా 50 నిమిషాలు వెనక్కి జరిగింది. అంటే మిగిలింది 50 నిమిషాలు. అందులో దిగాలి, బెల్టు దగ్గర లగేజ్ తీసుకోవాలి, బయటికి వచ్చి రెండో ఎయిర్‌లైన్ కౌంటర్లో మళ్లీ చెక్-ఇన్ చేసి, సెక్యూరిటీ దాటాలి. జరిగే పని కాదు.

సైట్ వాళ్లకి ఫోన్ చేశాను. ముప్పావు గంట సంగీతం వినిపించాక ఒకాయన ఎత్తి, టైము మార్చింది ఎయిర్‌లైన్ కదండీ, వాళ్లనే అడగండి అన్నాడు. ఎయిర్‌లైన్‌కి చేస్తే, టికెట్ ఇచ్చింది ఏజెన్సీ కాబట్టి మార్పులు వాళ్లే చెయ్యాలి అన్నారు. రెండో ఎయిర్‌లైన్ వాళ్లదైతే ఇంకా సూటి మాట: మా ఫ్లైట్ టైముకే వెళ్తోంది, మీరు రాకపోతే నో-షో, డబ్బులు రావు. మూడు రోజులు ఇలా బంతిలా తిరిగాక నాకు తెలిసొచ్చిందేంటంటే, వాళ్లవాళ్ల రూల్స్ ప్రకారం ముగ్గురూ కరెక్టే. తప్పులో కాలేసింది నేను. రెండు ఫ్లైట్లూ ఒకే టికెట్ మీద ఉంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌ది. సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్ అంటే విడివిడి టికెట్లు, అక్కడ ఆ బాధ్యత ఎవరికీ లేదు. మధ్యలో ఉన్న సైట్ తీసుకున్నది మన డబ్బులే తప్ప మన ప్రయాణం కాదు. మొదటి ఫ్లైట్ డబ్బులు సర్వీస్ ఛార్జ్ పోను రెండు నెలలకి వచ్చాయి, రెండోది పోయింది, కొత్త టికెట్ ఆఖరి నిమిషం రేటుకి కొన్నాను.

అప్పటి నుంచి బుకింగ్ కన్ఫర్మ్ అని మెయిల్ రాగానే ఒక పని చేస్తాను. మెయిల్‌లో పెద్ద అక్షరాల్లో కనిపించేది చాలాసార్లు సైట్ వాళ్ల సొంత నంబరు, అది ఎయిర్‌లైన్ దగ్గర చెల్లదు. మనకి కావాల్సింది ఎయిర్‌లైన్ పీఎన్ఆర్, అక్షరాలూ అంకెలూ కలిపి 6 ఉంటాయి. అది ఎయిర్‌లైన్ సొంత సైట్లో కొట్టి బుకింగ్ తెరుచుకుంటుందో లేదో చూస్తాను. తెరుచుకున్నాక 13 అంకెల ఈ-టికెట్ నంబరు ఉందా అని చూస్తాను (మొదటి 3 అంకెలు ఎయిర్‌లైన్ కోడ్). పీఎన్ఆర్ ఉండి ఈ-టికెట్ నంబరు లేకపోతే సీటు పట్టి ఉంచారు గానీ టికెట్ ఇంకా ఇవ్వలేదని. ఒకసారి నాకు ఇలాగే అయింది, కార్డులో డబ్బులు కట్ అయ్యాయి, "హ్యాపీ జర్నీ" మెయిల్ కూడా వచ్చింది, టికెట్ నంబరు మాత్రం మర్నాడు మధ్యాహ్నం దాకా రాలేదు. ఆ రాత్రి పడిన టెన్షన్ నాకు తెలుసు. ఇంకోటి, ఒక్క ట్రిప్‌కి మెయిల్‌లో రెండు పీఎన్ఆర్‌లు కనిపిస్తే అవి విడివిడి టికెట్లేమో అని వెంటనే అనుమానించాలి. నా పాత మెయిల్‌లో రెండూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, చూసి కూడా పట్టించుకోలేదు.

ధరల గురించి జనం ఎక్కువగా చెప్పుకునేది ఇన్‌కాగ్నిటో కథ, అంటే మనం మళ్లీ మళ్లీ వెతుకుతున్నామని కనిపెట్టి సైట్ రేటు పెంచేస్తుందని, అందుకే పాత వెతుకులాట గుర్తుపెట్టుకోని ఇన్‌కాగ్నిటో విండోలో వెతకాలని. నేను ఏళ్ల తరబడి రెండు బ్రౌజర్లు పక్కపక్కన పెట్టి చూశాను, ఒక్కసారీ తేడా కనిపించలేదు. జాబితాలో కనిపించిన రేటు క్లిక్ చేయగానే పెరగడానికి మామూలు కారణం వేరే ఉంది: జాబితాలో చూపించేది కాసేపటి కిందట దాచిపెట్టుకున్న రేటు, క్లిక్ చేశాకే సైట్ ఎయిర్‌లైన్‌ని అసలు రేటు అడుగుతుంది. దానికి తోడు ఒకే ఎకానమీలో కూడా సీట్లని రకరకాల రేట్ల గుంపులుగా అమ్ముతారు. చౌక గుంపులో 3 సీట్లే మిగిలి, మనం నలుగురికి వెతికితే, సాధారణంగా నలుగురికీ పై గుంపు రేటే చూపిస్తుంది. అందుకే కుటుంబంతో వెళ్లేటప్పుడు ముందు ఒక్కరికి వెతికి చూస్తాను, తర్వాత అందరికీ. తేడా ఉంటే ముగ్గురికి ఒకటి, ఒకరికి ఒకటి కొనొచ్చు. కాకపోతే అప్పుడు పీఎన్ఆర్‌లు వేరవుతాయి, ఫ్లైట్ క్యాన్సిల్ అయితే అందరినీ ఒకే దాంట్లో ఎక్కిస్తారన్న భరోసా ఉండదు. పిల్లలు ఉంటే నేను చెయ్యను.

ఐదు సైట్లలో పోల్చి చూశానని మురిసిపోయే వాళ్లకి ఒక మాట (అందులో నేనూ ఉన్నా, చాలాకాలం). బుకింగ్ డాట్ కామ్, అగోడా, ప్రైస్‌లైన్, కయాక్ అన్నీ బుకింగ్ హోల్డింగ్స్ అనే ఒకే సంస్థవి. ఎక్స్‌పీడియా, హోటల్స్ డాట్ కామ్, ఆర్బిట్జ్, వర్బో అన్నీ ఎక్స్‌పీడియా గ్రూప్‌వి. ఐదు దుకాణాలు తిరిగాం అనుకుంటాం, తీరా చూస్తే యజమానులు ఇద్దరే.

హోటళ్ల దగ్గరకొస్తే నాకు ఈ సైట్లతో గొడవలు తక్కువ. ఉచిత క్యాన్సిలేషన్ ఉన్న గది పట్టి ఉంచుకోవడం, తర్వాత మంచిది దొరికితే మార్చుకోవడం, ఈ ఒక్క సౌకర్యం చాలు. గడువు మాత్రం చాలా సైట్లలో హోటల్ ఉన్న చోటి టైము ప్రకారం లెక్క, మన టైము కాదు. "ఒక్క గదే మిగిలింది" అన్న ఎర్ర అక్షరాలకి ఇప్పుడు కంగారు పడను, అది చాలాసార్లు ఆ సైట్ వాటాలో మిగిలిన లెక్క, హోటల్ మొత్తంలో కాదు. ఈ తొందరపెట్టే ఎత్తుగడల మీదే బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ విచారణ జరిపింది, 2019లో ఆరు పెద్ద సైట్లు పద్ధతి మార్చుకుంటామని ఒప్పుకున్నాయి.

రివ్యూల్లో 10కి 10 ఇచ్చినవీ, 1 ఇచ్చినవీ వదిలేస్తాను. 6, 7 ఇచ్చినవాళ్లే అసలు విషయం రాస్తారు, లిఫ్ట్ మూడో అంతస్తు దాకానే ఉందని, పొద్దున ఐదింటికే చెత్తబండి చప్పుడని. హోటల్ వాళ్ల ఫొటోలు కాదు, వచ్చినవాళ్లు తీసిన ఫొటోల్లో బాత్రూం చూడండి. దూరం లెక్క కూడా గుడ్డిగా నమ్మొద్దు. ఒకసారి "స్టేషన్‌కి 400 మీటర్లు" అని చూసి తీసుకున్నాను. మ్యాప్ మీద గీత గీస్తే నిజంగానే 400 మీటర్లు. కానీ హోటల్ పట్టాలకి అవతలి వైపు ఉంది, దాటే వంతెన చాలా దూరంలో, దానికి మెట్లు తప్ప ఇంకో దారి లేదు. రాత్రి పదకొండింటికి సూట్‌కేసు ఒక్కో మెట్టూ ఎక్కిస్తుంటే గదికిటికీ ఎదురుగా కనిపిస్తూనే ఉంది, చేరడానికి 25 నిమిషాలు పట్టింది. ఇప్పుడు బుక్ చేసేముందు నడిచే దారి మ్యాప్‌లో వేసి చూస్తాను. ఎయిర్‌పోర్టులకీ ఇదే బెడద: ఫ్రాంక్‌ఫర్ట్-హాన్ పేరులో ఫ్రాంక్‌ఫర్ట్ ఉంది గానీ ఊరికి 100 కిలోమీటర్లకు పైనే.

ప్లాన్ వేసి పెట్టే యాప్‌ల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. కన్ఫర్మేషన్ మెయిల్ ఫార్వర్డ్ చేస్తే తేదీల వారీగా సర్ది పెట్టే ట్రిప్‌ఇట్ లాంటివి నిజంగా ఉపయోగం. అయితే యాప్ ఎప్పుడు మూతపడుతుందో ఎవరూ చెప్పలేరు, గూగుల్ ట్రిప్స్ అంతటిదే 2019లో ఆగిపోయింది. అందుకే అన్నీ పీడీఎఫ్‌లుగా ఫోన్‌లో కూడా ఉంచుతాను. ఏఐతో ప్లాన్ వేయించడం ఈ మధ్య మొదలుపెట్టాను. దారులూ వరసా బాగానే ఇస్తుంది, కానీ ఒకటి నాకు మంగళవారం లూవ్ర్ మ్యూజియం పెట్టింది, మంగళవారం అది సెలవు. తెరిచి ఉండే రోజులు ఆయా చోట్ల సొంత సైట్లో చూసుకోక తప్పదు.

వచ్చే నెల ఫ్లైట్ గూగుల్ ఫ్లైట్స్‌లో దొరికింది. అదే టికెట్ ఒక సైట్లో కాస్త తక్కువకి ఉంది, ఎయిర్‌లైన్ సైట్లో కాస్త ఎక్కువ. ఎయిర్‌లైన్ దగ్గరే కట్టేశాను, టైము మారితే ఫోన్ ఒక్క నంబరుకే చెయ్యాలి. హోటల్ మాత్రం ఇంకా తేలలేదు. ఉచిత క్యాన్సిలేషన్‌లో రెండు పట్టి ఉంచాను, గడువుకి రెండు రోజుల ముందుకి అలారం పెట్టాను.