చెర్నోబిల్ సీరియల్: నిమిషాలు తప్పలేదు, ఒక రోజు తప్పింది

1986లో సోవియట్ ఉక్రెయిన్‌లో అణు విద్యుత్ కేంద్రం పేలిన ప్రమాదం మీద 2019 మే నెలలో మొదలైన ‘చెర్నోబిల్’ అయిదు భాగాల సీరియల్‌లో నటన గురించి, సంగీతం గురించి ఎందరో రాశారు కనుక వాటి జోలికి పోవడం లేదు. అప్పటి నుంచి దాన్ని మళ్లీ మళ్లీ చూస్తూ వచ్చిన ప్రేక్షకుడిగా, ఒక థర్మల్ విద్యుత్ కేంద్రం కంట్రోల్ రూములో షిఫ్టు డ్యూటీలు చేస్తూ లాగ్‌బుక్ రాసే ఉద్యోగిగా నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఏది ఏ గంటకు జరిగింది, ఎంత దూరంలో జరిగింది అన్న లెక్కకు ఈ సీరియల్ ఇచ్చినంత విలువ నేను చూసిన మరే సీరియలూ ఇవ్వలేదు.

నన్ను కట్టిపడేసింది ప్రమాదంపై కోర్టు విచారణను చూపే చివరి భాగం. 1986 ఏప్రిల్ 25న నాలుగో యూనిట్‌లో పరీక్ష కోసం రియాక్టర్ శక్తిని సగానికి దించాక, మధ్యాహ్నం రెండు గంటలకు కీవ్ గ్రిడ్ అధికారులు లోడు ఇంకా తగ్గించవద్దన్నారు; మళ్లీ తగ్గించుకోవడానికి వాళ్లు ఒప్పుకునేసరికి రాత్రి 11:10 అయింది. పగటి షిఫ్టు సిద్ధపడిన పని సాయంత్రం షిఫ్టును కూడా దాటిపోయి, అర్ధరాత్రి చార్జి తీసుకున్నవాళ్ల నెత్తిన పడింది. మాకు లోడ్ డిస్పాచ్ సెంటర్ నుంచి ఇలాంటి ఆదేశాలు రావడం మామూలే కనుక, రిలీవర్‌కు చార్జి అప్పగించే ఆ పది నిమిషాల్లో నోటితో చెప్పేది ఎంతో, పుస్తకంలో ఎక్కేది ఎంతో, రెండింటికీ నడుమ జారిపోయేది ఎంతో నాకు తెలుసు. అంత జాప్యాన్ని ఇంకొకరైతే ఒక మాటతో దాటేసేవారు. ఇక్కడ మాత్రం సగం శక్తి దగ్గర రియాక్టర్‌ను గంటల తరబడి నిలబెట్టినందువల్ల రియాక్టర్‌ను మందగింపజేసే జినాన్ వాయువు ఎలా పేరుకుందో, పరీక్ష గురించి సరిగా తెలియని కుర్రవాడు మీటల ముందు ఎలా కూర్చోవలసి వచ్చిందో, కోర్టులో శాస్త్రవేత్త లెగాసోవ్ చేత ఎర్ర పలకలు (శక్తిని పెంచేవి), నీలి పలకలు (తగ్గించేవి) ఒక్కొక్కటిగా తగిలిస్తూ విడమరచి చెప్పించారు. రాత్రి 1:23:40కి రియాక్టర్‌ను ఆపే బటన్ నొక్కే సమయానికి, అక్కడిదాకా వచ్చిన ప్రతి గంటా మనకు లెక్క తెలిసిన గంటే అవుతుంది.

దూరాన్ని కూడా ఇంతే శ్రద్ధగా వాడుకున్నారు. మిన్స్క్‌లో కిటికీ తెరిచినంతనే రేడియేషన్ మీటరు మోగితే, సీరియల్‌లోని కల్పిత శాస్త్రవేత్త ఉలానా ఖోమ్యుక్ ముందు దగ్గరలోని ఇగ్నలీనా అణు కేంద్రాన్ని అనుమానిస్తుంది. అక్కడ ఏమీ జరగలేదని తేలాక మిగిలింది చెర్నోబిల్, కానీ అది నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. అంత దూరం నుంచి ఇంత మోతాదు రావాలంటే రియాక్టర్ బద్దలై ఉండాలన్న నిర్ణయానికి ఆమెను చేర్చింది ఆ దూరమే. (సీరియల్‌లోని కేంద్రం దృశ్యాలు కొన్ని లిథువేనియాలోని ఆ ఇగ్నలీనాలోనే తీశారు.) నాలుగో భాగంలో కేంద్రం పైకప్పు మీద, రియాక్టర్ నుంచి ఎగిరిపడిన గ్రాఫైట్ ముక్కలు ఎత్తిపోసే సైనికుడికి తొంభై సెకన్లు గడువు ఇచ్చి, ఆ తొంభై సెకన్లనూ ఎక్కడా కోయకుండా ఒకే షాట్‌లో చూపిస్తారు, చివర అతని బూటు చిరిగి ఉండడం కనిపిస్తుంది.

ఇంత నమ్మకం కుదిరాక రెండో భాగం నన్ను గాయపరిచింది. అందులో ప్రభుత్వ కమిషన్ అధిపతి ష్చెర్బీనా వచ్చి, స్వీడన్‌లో ఒక అణు కేంద్రం మన ఇంధనం ఆనవాళ్లు పట్టేసిందని, ప్రపంచమంతటికీ తెలిసిపోయిందని, ఫ్రాంక్‌ఫర్ట్‌లో పిల్లలను బయట ఆడుకోనివ్వడం లేదని లెగాసోవ్‌కు చెబుతాడు. బయట, కేంద్రం పక్కనున్న ప్రిప్యాత్ ఊరి పిల్లలు మామూలుగా తిరుగుతూ ఉంటారు. ఆ తర్వాత ఊరు ఖాళీ చేయించే బస్సులు వస్తాయి. మనసును మెలిపెట్టే దృశ్యమే, కాదనను. అయితే స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ కేంద్రంలో ఒక ఉద్యోగి బూట్ల వల్ల అలారం మోగింది ఏప్రిల్ 28 ఉదయం. అది చెర్నోబిల్‌కు దాదాపు 1,100 కిలోమీటర్ల దూరం. ప్రిప్యాత్‌లో బస్సులు కదిలింది 27 మధ్యాహ్నం రెండు గంటలకు; ఊళ్లో రేడియేషన్ పెరుగుతోందన్న కొలతలు చూసి ష్చెర్బీనా నాయకత్వంలోని కమిషన్ ఆ ఉదయానికల్లా నిర్ణయం తీసుకుంది. స్వీడన్ కబురు వచ్చేసరికి ఊరు ఖాళీ అయిపోయింది.

ఒక రోజు అటూ ఇటూ అయితే ఏమిటని నా మిత్రుడొకరు అడిగారు. ఆ ఒక్క రోజుతో కారణమే మారిపోయిందన్నది నా బాధ. విదేశాల ముందు పరువు పోయింది కనుకే ఊరు ఖాళీ చేయించారన్న అర్థం సీరియల్ చూసినవారికి మిగులుతుంది. 28న బయటి ఒత్తిడితో వచ్చినది ఆ రాత్రి సోవియట్ టెలివిజన్‌లో చదివిన చిన్న ప్రకటన మాత్రమే; బస్సులు మాత్రం అంతకుముందే, అక్కడి మనుషులు అక్కడి కొలతలు చూసి తెప్పించినవి. పేలుడు తర్వాత దాదాపు 36 గంటలు జనాన్ని అలా వదిలేయడం నేరమే, ఆ నేరాన్ని చూపడానికి తేదీని జరపవలసిన అవసరం లేదు.

హెలికాప్టర్ కూలిన దృశ్యానిదీ ఇదే తీరు. అది నిజంగా కూలింది 1986 అక్టోబర్ 2న, క్రేను తీగకు రెక్క తగిలి, నలుగురు సిబ్బందితో సహా. సీరియల్‌లోనూ తీగ ఉంది, కానీ దాన్ని మొదటి రోజుల్లోకి జరిపి పొగ మధ్య చూపడంతో రేడియేషనే కూల్చేసిందని ఎవరైనా అనుకుంటారు. ఇక 1987 జులైలో జరిగిన విచారణలో లెగాసోవ్ సాక్ష్యం చెప్పలేదు. అందువల్ల నేను పైన మెచ్చుకున్న పలకల వివరణలోని గంటలు, నిమిషాలు నిజమే గానీ, అది చెప్పిన మనిషి, చెప్పిన చోటు కల్పన. రచయిత క్రెయిగ్ మేజిన్ తన మార్పుల గురించి సీరియల్‌తోపాటు వచ్చిన పాడ్‌కాస్ట్‌లో బాహాటంగానే మాట్లాడారు, అందుకు ఆయనపై గౌరవం ఉంది. అయినా తెర మీద గంటలు చూసి నమ్మినవారందరూ ఆ పాడ్‌కాస్ట్ వినరు.

ఇప్పటికీ షిఫ్టుల్లో పనిచేసేవారికి, ముఖ్యంగా కొత్తగా కంట్రోల్ రూముకు వచ్చిన ఇంజనీర్లకు, చివరి భాగం తప్పక చూడమనే చెబుతున్నాను. చరిత్ర తెలుసుకోవాలని చూసేవారికి ఇంత గట్టిగా చెప్పలేను; నా పట్టింపు నా వృత్తి వల్ల వచ్చిందని, అందరికీ ఇంత ఉండనక్కరలేదని కూడా ఒప్పుకుంటాను. ఇంటర్ చదువుతున్న మా అబ్బాయికి ఈ వేసవి సెలవుల్లో చూపించబోతున్నాను. రెండో భాగంలో బస్సులు వచ్చే చోట కాసేపు ఆపి, 27, 28 తేదీల సంగతి చెప్పి, తర్వాత ముందుకు వెళ్లాలని అనుకుంటున్నాను.