పొగతోటలో ఒక ఛాతీ వైద్యశాల: తొందరపడని నిర్ధారణ

మా బావగారికి విడవని దగ్గు, సాయంత్రపు జ్వరం పట్టుకుని, ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల నడుమ గడ్డలు కనిపించేసరికి కావలిలో అందరూ టీబీయే అనుకున్నారు. కఫంలో క్షయ క్రిములు దొరకకపోవడంతో, సార్కాయిడోసిస్ (క్రిముల వల్ల కాకుండా ఊపిరితిత్తుల్లో, గ్రంథుల్లో వాపు గడ్డలు కట్టే జబ్బు) కావచ్చు, వెంటనే స్టెరాయిడ్ మొదలుపెట్టమని మరొకచోట సలహా ఇచ్చారు. నెల్లూరు పొగతోటలోని ఈ వైద్యశాలను నేను మనస్ఫూర్తిగా మెచ్చుకొనేది ఇక్కడే. ముక్క పరీక్ష (బయాప్సీ) కాకముందు స్టెరాయిడ్ ఇవ్వనని డాక్టరుగారు తేల్చి చెప్పారు. లింఫోమా అనే రక్త క్యాన్సర్ కూడా ఛాతీలో అచ్చం అలాగే కనిపించవచ్చనీ, స్టెరాయిడ్ పడితే గడ్డలు తాత్కాలికంగా కరిగి అసలు జబ్బు మరుగున పడుతుందనీ, సీటీ ఫిలింను లైటుపెట్టెకు తగిలించి, ఉబ్బిన గ్రంథులను పెన్ను మొనతో ఒక్కొక్కటే చూపిస్తూ ఓపికగా వివరించారు.

సన్నసూదితో తీసిన కణాలు చాలవని మెడలోని గ్రంథినే తీయించారు. లింఫోమాలో ఒక రకమైన హాడ్జ్‌కిన్ లింఫోమాలోనూ సార్కాయిడోసిస్‌ను పోలిన గ్రాన్యులోమాలు (వాపు కణాల చిన్న ముద్దలు) ఉండవచ్చు గనుక, మొదటి రిపోర్టులో గ్రాన్యులోమా అనే మాట ఉన్నా అక్కడితో ఆగకుండా కణాల మీది ప్రొటీన్లను గుర్తించే సీడీ15, సీడీ30 రంగు పరీక్షలు చేయించగా, హాడ్జ్‌కిన్ లింఫోమాకు గుర్తైన రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాలు బయటపడ్డాయి. మంచి వైద్యంతో చాలామందికి నయమయ్యే క్యాన్సర్ ఇదని విన్నాక మా అక్క తేరుకుంది.

టోకెన్ల పద్ధతి మాత్రం అస్తవ్యస్తం. బయటి ల్యాబుకు పంపే పరీక్షల ఖర్చు ముందుగా చెప్పకపోవడం దూరం నుంచి వచ్చినవారికి నిజంగా ఇబ్బందే. వెళ్ళేవారు పాత ఫిలింలు, మందుల చీటీలు వెంట తీసుకెళ్ళాలి. ఇదివరకే స్టెరాయిడ్ వాడివుంటే ఆ సంగతి మొదటే చెప్పాలి.