హనుమకొండలో ‘స్ట్రెస్–ఇమ్యూనిటీ ప్యాకేజీ’: రక్తం ఇచ్చే ముందు చదవండి

జరమొచ్చిన రోజు అన్నం సయించదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, చిన్న చప్పుడుకే గాబరా పుడుతుంది. అది మనసు పిరికితనం కాదు. రోగనిరోధక కణాలు వదిలే ఐఎల్-1, ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ లాంటి సైటోకైన్లు రక్తం ద్వారా, వేగస్ నాడి ద్వారా మెదడుకు కబురు చేరవేస్తాయి. ఒంట్లోపలి ఈ వాపు గుణం (ఇన్‌ఫ్లమేషన్) సన్నగా నెలల తరబడి సాగితే కొందరిలో ఆందోళన, దిగులు పెరుగుతాయి. హెపటైటిస్-సికి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు వాడిన రోజుల్లో ఎంతోమంది డిప్రెషన్‌లోకి జారారు. కాబట్టి ఆందోళనకూ ఒంట్లో వాపుకూ లంకె ఉందంటూ అమ్మే ఈ రక్తపరీక్షల ప్యాకేజీ వెనక ఆలోచన సరైనదే. పేచీ అంతా అమ్మే తీరుతోనే.

ఇందులో సీబీపీ (రక్తకణాల లెక్క), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బి12, విటమిన్ డి, హెచ్‌ఎస్-సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపేది), కార్టిసాల్ (ఒత్తిడి హార్మోన్), ఐఎల్-6 ఉన్నాయి. సూది కవరు మన ముందే చింపుతారు, గొట్టం మీద పేరు అక్కడే రాస్తారు. ఆ శుభ్రతకు వంక పెట్టలేం.

సీబీపీ, టీఎస్‌హెచ్ తప్పక చేయించుకోదగ్గవి. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఎక్కువైనా గుండె దడ వస్తుంది. చూసేవాళ్లు టెన్షన్ అనుకుంటారు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే కనీసం 2 రోజుల ముందు ఆపాలి. లేకపోతే టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువ చూపి, ‘థైరాయిడ్ ఎక్కువ’ అని లేని జబ్బు అంటగట్టే ప్రమాదం ఉంది.

సీఆర్‌పీ (లీటరుకు మిల్లీగ్రాముల్లో) 1 లోపు, 1–3, 3 పైన అనే గీతలు గుండెజబ్బు ముప్పు కోసం గీసినవి. రిపోర్టులో వాటినే ‘స్ట్రెస్ లెవెల్’ అని రంగులేసి ఇవ్వడం తప్పు. 10 దాటితే జలుబో, సెగగడ్డో, ఇంకేదైనా ఇన్ఫెక్షనో ఉందేమో చూసి, 2 వారాలాగి మళ్లీ చేయించాలి. చిగుళ్ల వాపు, ఊబకాయం, సిగరెట్ కూడా దాన్ని పెంచుతాయి.

అసలు లోపం కార్టిసాల్ దగ్గరుంది. అది పొద్దున 8 ప్రాంతంలో ఎక్కువుండి సాయంత్రానికి సగానికన్నా తగ్గుతుంది. పరకాల, నర్సంపేట వైపు బండి మీద ఇల్లిల్లూ తిరిగి రక్తం తీసే అబ్బాయి ఆఖరి ఇంటికి చేరేసరికి పదిన్నర. ఫారంలో టైం రాసే గడే లేదు! స్టెరాయిడ్లు, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నారా అని అడగరు. సూది భయానికే అంకె పెరగొచ్చు.

ఐఎల్-6 దండగ. రక్తం నుంచి సీరం వేరుచేయడం ఆలస్యమైతే ఫలితం మారిపోతుంది, పైగా దాన్నిబట్టి ఆందోళనకు మందు రాసే పద్ధతి లేదు.

చివర్లో చేతిలో పెట్టే ‘ఇమ్యూనిటీ బూస్టర్’ పొడి తీసుకోకండి. వాపు ఎక్కువున్నవాళ్లకు కావాల్సింది బూస్ట్ కాదు, దాని కారణం వెతకడం. పొడిలో అశ్వగంధ ఉంటే థైరాయిడ్ ఎక్కువున్నవాళ్లకు అసలే పడదు.

సీబీపీ, టీఎస్‌హెచ్, సీఆర్‌పీ విడిగా రాయించుకోండి. రిపోర్టు నార్మల్ వచ్చినా నిద్ర, పని చెడేంత ఆందోళన ఉంటే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్లండి, లేదా ప్రభుత్వ మానసిక సాయం లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. ఆ ఫోన్‌కు పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.